పేరు చెక్కని రౌతు

ఖాజాగూడ చెరువు పక్కన కొత్తగా వేసిన పార్కులో ఒక పాత వీరగల్లు ఉంది. యుద్ధంలో పడిన వీరుడికి ఎత్తిన ఆ రాయి మీద చెక్కిన బొమ్మ, గుర్రం మీద కత్తి ఎత్తిన రౌతు. మా వంశానికి అతనే మూలపురుషుడు. చుట్టూ ఉన్న భూములు మావిగా ఉన్న రోజుల్లో, దసరా నాడు ఊళ్లో మొదటి జమ్మి ఆకు ఆ గుర్రం కాళ్ల దగ్గర పెట్టింది మా ఇంటివాళ్లే.

రాయి మీద పేరు చెక్కిద్దామని ఎవరో అంటే మా తాత ఒప్పుకోలేదట. "మనమెవరమో మనమే చెప్పుకునుడేంది? ఊరే చెప్తది" అన్నాడట. మా ఇంట్లో అందరికీ అలా చెప్పుకోకపోవడమే అలవాటైంది.

ఈ దసరాకు జమ్మి పట్టుకుని వెళ్లాను. రాయి చుట్టూ ఇనుప కంచె, దాని మీద 'పేరు తెలియని వీరుడు' అనే పలక. ఊరి స్థానంలో అద్దాల మేడలు లేచాయి, చెప్పేవాళ్లు మిగల్లేదు. కంచె మీదుగా చెయ్యి చాపగానే కాపలా ఉన్న ఆమె విజిల్ ఊదింది.

"పెద్దయ్యా, ముట్టద్దు. సార్లు చూస్తే నా మీదికొస్తది."

"జమ్మి పెట్టి పోతనమ్మా."

ఆమె నన్నూ రాయినీ మార్చి మార్చి చూసింది. "మీ ఇంటి దేవుడా ఏంది? అయితే చెప్పుండ్రి, నేను జర అటు తిరిగి నిలబడ్త."

ఒక్క మాట అంటే చాలు. నిటారుగా నిలబడి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఇగ జరుగుండ్రి పెద్దయ్యా" అంది ఆమె.

ఆకు జేబులో పెట్టుకుని జరిగాను.