నుదుటి మీద వాత

పోయిన వారం గిద్దలూరు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో దస్తావేజులు రాసే పెద్దాయన, వీలునామా రాయించాలని నేను చెప్పగానే, కళ్ళజోడు కిందికి దించి నా వెనకాల నిలబడ్డ నాయనను ఆస్తి వివరాలు అడగడం మొదలుపెట్టాడు. నాయన నా వైపు చెయ్యి చూపించాడు. "ఏందమ్మా, నీదా? నీకేమంత వయసైందని?" అని ఆయన గట్టిగా అనేసరికి కాగితాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా నన్ను చూశారు. నలుగురిలో నోరు తెరవలేని అలవాటు ముప్పై ఒకటో ఏట కూడా నన్ను వదల్లేదు. తలవంచుకుని, డైరీలోంచి చించి తెచ్చిన కాగితాన్ని ఆయన ముందు పెట్టాను. అందులో నాయనకు చెప్పిన విషయం ఒకటుంది, చెప్పనిది ఒకటుంది. నాయనకు చదువు రాదు కనుక ఆ రెండోది ఆయనదాకా పోదనుకున్నాను.

నా ఆస్తి అంటే గొర్రెలే. అర్ధవీడు దగ్గర మా ఊళ్ళో గొర్రెలు కాసే ఇళ్ళల్లో ఆడపిల్ల పుడితే ఒక ఆడ గొర్రెపిల్లను ఆమె పేరున విడిచి, ఎడమ చెవి కొన చీల్చి గుర్తు పెట్టేవాళ్ళు. దాని సంతతంతా ఆ పిల్లదే. పెళ్ళయి పోయేటప్పుడు వెంట తోలుకుపోతుంది. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బడి నుంచి రాగానే పుస్తకాల సంచి గడపలో పడేసి, మందలో మన చెవి గుర్తున్న వాటిని వెతుక్కుంటూ తిరగడం. నా వాటికి నేను చదివిన కథల్లోని మనుషుల పేర్లు పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా దాచుకునేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు గనుక అవి నాయన మందలోనే పెరిగాయి.

ఆ మందలో అప్పుడప్పుడు ఏదో ఒక గొర్రెకు తిరుగుడు రోగం వచ్చేది. తల ఒక పక్కకు వాల్చి, మేత మాని, ఉన్నచోటే గుండ్రంగా తిరిగేది. దాని తలలో నీళ్ళ తిత్తి ఉంటుందని మా వాళ్ళకు తెలుసు, కోసినప్పుడు చూసినవాళ్ళే గదా. నాయన కొడవలి మొన ఎర్రగా కాల్చి దాని నుదుటి మీద వాత పెట్టి, దొడ్లో విడిగా కట్టేసి, మూడో రోజు దాకా కదిలించవద్దనేవాడు. మూడో రోజు లేచి మేతకు వచ్చినదాన్ని వాతే బతికించిందని చెప్పుకునేవాళ్ళు, లేవనిదాని ఊసెత్తేవాళ్ళు కాదు. నాయన చెయ్యి మంచిదని పక్క ఊళ్ళ వాళ్ళు సైతం గొర్రెలను భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు.

నేను పదో తరగతిలో ఉండగా తలనొప్పి మొదలైంది. పుస్తకాల మీద పడి చదవడం వల్లేనని అమ్మ వాటిని అటక మీద దాచి, తలకు ఆముదం పట్టించింది. ఒకనాటి పొద్దున బోరింగు దగ్గర బిందె ఎత్తుతుంటే మెడ దానంతటదే ఎడమకు తిరిగిపోయింది. కాళ్ళ మీద పడ్డ చల్లటి నీళ్ళు తప్ప నాకింకేమీ గుర్తు లేదు. తక్కినదంతా తర్వాత అమ్మ చెప్పగా విన్నదే. మూర్ఛ తగ్గి లేచాక తల పక్కకు వాల్చి, వాకిట్లో ఒకే వైపుగా చుట్లు తిరిగానట. అది చూసి నాయన నేల మీద కూలబడ్డాడట. "ఇంగా ఏంది సూస్తన్నావు, గొర్రెకు పనికొచ్చిన చెయ్యి బిడ్డకు పనికిరాదా?" అని ఆయనను కన్న మా జేజి అరిచిందట. నాయన కొడవలి కాల్చాడు.

ఆసుపత్రికి పోదామని అమ్మ ఎంత ఏడ్చినా, మూడో రోజు దాకా కదిలించకూడదని నాయన నా మంచం పక్కనే కూర్చున్నాడు. అది నిర్లక్ష్యం కాదని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మందను ఇంకొకరికి అప్పజెప్పి, తిండి మాని, తనకు తెలిసిన వైద్యమంతా శ్రద్ధగా చేశాడు. ఆ రెండు రోజుల్లో మూర్ఛ మీద మూర్ఛ వచ్చింది. మూడో రోజు కూడా నేను కళ్ళు తెరవకపోయేసరికి అమ్మ తమ్ముడైన మా మామ జీపు మాట్లాడుకొచ్చి, నాయనను పక్కకు నెట్టి నన్ను ఎత్తుకుపోయాడు.

గుంటూరులో ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు స్పృహ లేకుండా ఉన్నాను. మెదడులో పురుగు తిత్తి కట్టి చుట్టూ వాచిందనీ, రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. నాయన ఆ స్కానింగు ఫిల్మును చాలాసేపు చూసి, "మా గొర్రెలకు వచ్చేది గూడా ఇదే గదమ్మా?" అన్నాడట. ఆమె ఆశ్చర్యపోయి, పురుగు వేరుగానీ రెండూ దగ్గర చుట్టాలేనని చెప్పి, ఇంత తెలిసినవాడివి బిడ్డ నుదురెందుకు కాల్చావని అడిగిందట.

నా వైద్యం చాలావరకు ఎవరో పంతులమ్మ తన తదనంతరం ఆసుపత్రికి చెందేటట్టు రాసిపోయిన ఇంటి అద్దెతో జరిగిందని నర్సు అమ్మకు చెప్పింది. ఆమెది ఏ ఊరో, ఆ ఇల్లు ఎందుకు ఇచ్చిందో మాకు తెలియలేదు. ఎడమ చేతి వేళ్ళు పట్టు తప్పినా, నేను బతికి ఇంటికి వచ్చాను. మూర్ఛ వచ్చిన రోజు గుర్తు పెట్టమని డాక్టరమ్మ ఒక నోటుపుస్తకం ఇచ్చింది. మూర్ఛ రాని రోజులను ఖాళీగా వదలబుద్ధి కాక ఏదో ఒకటి రాసేదాన్ని. అదే నా డైరీ అయింది.

ఆ తర్వాత నాయన మళ్ళీ కొడవలి కాల్చలేదు. ఎవరైనా గొర్రెను మోసుకొస్తే పశువుల డాక్టరు దగ్గరికి పొమ్మనేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. అమ్మ నాకు తల దువ్వి నుదుటి మీదికి వెంట్రుకలు లాగేది. నాయన నాతో మాట్లాడితే నా గడ్డం వైపే చూసేవాడు. మా ఇంట్లో పదహారేళ్ళు ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

పదకొండేళ్ళుగా రాని మూర్ఛ రెండు నెలల కింద, నేను పనిచేసే గ్రంథాలయంలో పుస్తకాలు సర్దుతుండగా మళ్ళీ వచ్చింది. ఆసుపత్రిలో చూపించుకుంటే స్కానింగు తీయించుకోమన్నారు. ఫిల్ములో ఏం కనబడుతుందోనన్న భయంతో రేపు మాపు అంటూ నెట్టుకొచ్చాను. ఆ రోజుల్లోనే గ్రంథాలయం వరండాలో ఎండకు ఆగిన ఒకామె చంకలో చిన్న పాపను చూశాను. పాప కణత మీద వాత ఇంకా పచ్చిగా ఉంది. ఆమెతో చెప్పాల్సినదేదీ చెప్పకుండానే లోపలికి పోయి పుస్తకాలు సర్దుతూ కూర్చున్నాను. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు డైరీలో ఒక్క అక్షరం రాయలేకపోయాను.

అందుకే వీలునామా. నా తదనంతరం నా గొర్రెలు ఆ ఆసుపత్రికి చెందాలన్నంతవరకు నాయనకు చెప్పాను. తలూపాడు. చెప్పనిది ఇదీ: వాటిని అమ్మిన సొమ్ముతో గొర్రెలు కాసేవాళ్ళ ఊళ్ళకు మనుషులను పంపి, మూర్ఛకు వాత పెట్టవద్దని, మూడో రోజు దాకా ఆగవద్దని చెప్పించాలి.

సాక్షులకు చదివి వినిపించాకే సంతకాలు పెట్టించడం దస్తావేజు రాసేవాళ్ళ ఆనవాయితీ అని నాకు తెలియదు. సాక్షులు నాయన, మాతో వచ్చిన మామ. "నాకు పదిహేనవ ఏట మెదడు జబ్బు చేసినపుడు నుదుట వాత పెట్టి రెండు రోజులు ఆపినందువలన" అని ఆ పెద్దాయన షెడ్డంతా వినబడేలా చదివాడు. నాయన లేచి వెళ్ళిపోతాడనుకున్నాను.

"ఆగయ్యా," అన్నాడు నాయన. "ఎవురు పెట్టినారో రాయలేదే?"

"ఊరుకో బావా, ఆ యమ్మి నిన్ను అనాలని రాసింది కాదులే," అన్నాడు మామ.

"నువ్వు నోరు మూసుకో. ఎవురో పెట్టినారంటే మావోళ్ళు ఇనరు. నా పేరు రాయి. వాతకు చెయ్యి మంచిదని పేరు పడినోడే కన్నబిడ్డకు పెట్టి పోగొట్టుకోబోయినాడని రాయి. అట్లయితే ఇంటారు."

"ఇది వీలునామానా, పంచాయితీలో ఒప్పుకోలా?" అని గొణిగినా, పెద్దాయన రాశాడు. నాయన వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలు పంచెకు తుడుచుకుంటూ, పదహారేళ్ళ తర్వాత మొదటిసారి నా నుదుటి వైపు చూశాడు.

"నొప్పి పుట్టిందా పాపా, ఆ పొద్దు?"

"నాకు గుర్తు లేదు నాయనా."

"నాకుంది," అన్నాడు.

ఊళ్ళో బస్సు దిగేటప్పుడు, "స్కానింగుకు రేపే పోదాం. ఇంగ ఆగేది లేదు," అన్నాడు. మర్నాడు పోయి వచ్చాం. రిపోర్టు ఇంకా రాలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో గొర్రెపిల్లల చెవులు ఎవరూ చీల్చడం లేదు, పశువుల ఆసుపత్రి వాళ్ళు వచ్చి పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళలు కుట్టిపోతున్నారు. ఏది ఎవరి పేరున పుట్టిందో పిల్లలకు తెలియదు, అడగరు. పురుగులకు మందు తాగిస్తున్నారు గనుక తిరుగుడు రోగం కూడా అరుదైపోయింది. మాకు తెలిసిన లోకంలో చాలా పోయాయి, పోవలసినవి కొన్ని మాత్రం ఇంకా పోలేదు. నిన్న సాయంత్రం మందలో మిగిలిన చీలిక చెవుల వాటిని ఒక్కొక్కటీ వెతికి, చిన్నప్పుడు వాటి ముందు తరాలకు నేను పెట్టిన పేర్లు గుర్తు చేసుకుని పిలిచాను. అవి నా వైపు చూడలేదు. దడి అవతల నిలబడి నాయన విన్నాడు. నేను ఆ పేర్లు పైకి అనగా ఆయన వినడం అదే మొదలు. అడ్డం వచ్చిన జుట్టును నుదుటి మీది నుంచి తీసి చెవి వెనక్కి దోపుకుని, మళ్ళీ పిలిచాను.