పేరు లేని అట్ట

కరీముల్లా అట్టకు మైదా జిగురు రాసి నల్ల గుడ్డ అంటిస్తున్నాడు. పొదిలిలో ముప్పై ఏళ్లుగా పుస్తకాలు బైండింగ్ చేస్తున్న అతనికి ఈ నెలలో వచ్చిన పని ఇదొక్కటే. అదీ పుస్తకానికి కాదు, మాధురి టీచర్ కొన్న ఈ-రీడర్‌కు.

"అట్ట వీపు మీద పేరేం వెయ్యమంటారమ్మా?" అలవాటు కొద్దీ అడిగి, ఇత్తడి అక్షరాల పెట్టె తెరిచాడు.

"ఏ పేరని వేస్తారు భాయ్? ఇందులో మూడొందల పుస్తకాలున్నాయి. సగం ఉచితంగానే దొరికాయి." ఆమె సంబరంగా తెర మీద ఒక్కొక్కటీ చూపించింది.

ఒక పాత నవల దగ్గర అతని చూపు ఆగింది. "దీన్ని లైబ్రరీకి నాలుగుసార్లు కుట్టానమ్మా."

"ఇందులో ఇక చిరగదులెండి."

కరీముల్లా పెట్టె మూసేశాడు. అట్ట మూలలు బిగించి, పేరు లేని వీపును నున్నగా రుద్ది, రెండు చేతులతో ఆమెకు అందించాడు.