కిటికీలో నీలం కుండీ

మా సైన్సు మాస్టారు పోయారని బాపట్ల నుంచి కార్డు వచ్చింది. ఇక్కడ రేపల్లెలో, బడికి బయలుదేరుతూ గుమ్మంలోనే చదువుకున్నాను. ఆయన ముఖం కంటే ముందు, పింగాణీ కుండీని బోర్లించి తట్టే ఆ వేళ్లు గుర్తొచ్చాయి.

ఆయనకు మరుగుజ్జు చెట్ల పిచ్చి. పదేళ్లు పెంచినా జానెడు దాటని రావిమొక్క ఉండేది వాళ్ల పెరట్లో. వాటికోసం పాత కుండీలు వెతుక్కుంటూ ఆదివారాలు తెనాలి వెళ్లేవారు, బాపట్ల బడిలో కొత్తగా పంతులుగా చేరిన నన్ను వెంటేసుకుని. రంగూన్ నుంచి తిరిగొచ్చినవాళ్ల సామాన్లు అప్పట్లో అక్కడి పాత సామాన్ల కొట్లకు చేరేవి.

"లోపల నున్నగా ఉంటే కూర వడ్డించుకోడానికయ్యా. గరుగ్గా ఉంటేనే చెట్టుకి. పైన రంగు చూసి మోసపోకు," అనేవారు. ముందు లోపల చూడాలి, తర్వాత అడుగున బెజ్జాలు, ఆ తర్వాతే ధర. ఏ వస్తువునైనా ఆగి చూడటం నాకు నేర్పింది ఆయనే. ఆ మేలు మరవలేను.

ఒకరోజు కొట్టు ముందు, రంగూన్ నుంచి వచ్చిన ఒకావిడ నీలం కుండీతో నిలబడి ఉంది. నిండా ఎండిన మట్టి. మాస్టారు అలవాటుగా అందుకుని, రోడ్డు మీద బోర్లించి తట్టి, లోపల చూశారు. "అసలైన జపాను సరుకయ్యా!" అని సంబరంగా తలెత్తారు.

ఆవిడ రోడ్డు వంక చూస్తోంది. చేతిలో మడత పెట్టిన పాత గుడ్డ.

"ఆ మట్టి మా పిల్లోణ్ణి పూడ్చిపెట్టిన చోటిదండి," అంది. "ఈ గుడ్డలో కట్టుకుని, కుండీ ఇద్దామనుకున్నానండి."

అంతలో ఒక బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. మేమిద్దరం గొంతుక్కూర్చుని ఎత్తినదాంట్లో తెనాలి దుమ్మెంతో, ఆ మట్టెంతో ఎవరికి తెలుసు? తలెత్తేసరికి ఆవిడ లేదు. కుండీ కూడా వదిలేసి వెళ్లిపోయింది. నందివెలుగు, చుండూరు, ఎన్ని ఊళ్లు తిరిగినా ఆచూకీ దొరకలేదు.

ఆ తర్వాత ఆయన ఏ కుండీనీ బోర్లించలేదు. ఎత్తిన మట్టిని ఆ నీలం కుండీలోనే పోసి తన గది కిటికీలో పెట్టుకున్నారు. ఏ మొక్కా నాటలేదు. రోజూ పొద్దున్నే నీళ్లు మాత్రం చిలకరించేవారు.

"అందులో మొలిచేదేం లేదు కదా మాస్టారూ?" అని ఒకసారి అడిగాను, బుద్ధి లేక.

"ఎండితే గాలికి లేస్తుందయ్యా," అన్నారు.

ఆయన పోయిన పదకొండో రోజున బాపట్ల వెళ్లాను. "ఇవన్నీ నేను చూసుకోలేను బాబూ. ఏది ఎంత చేస్తుందో నువ్వే చెప్పు, అమ్మేద్దాం," అన్నారు ఆయన భార్య. పెరట్లోవన్నీ చూసి చెప్పాను. ఆఖరున ఆయన గది తలుపు తీశారు. నీలం కుండీ కిటికీలోనే ఉంది. ధర కట్టాలంటే బోర్లించాలి. చేతులు రాలేదు. ఊరికే వేలు గుచ్చి చూశాను.

తడిగా ఉంది.

"నీళ్లు మీరు పోస్తున్నారాండి?"

"లేదు బాబూ. ఆయన పోయాక ఈ గది తీయడం ఇదే."

ఆ ఒక్కదానికి ధర చెప్పలేదు. వేలికంటిన మట్టిని ఎక్కడ దులపాలో తెలియక, ఆ చేయి అలాగే పట్టుకుని రేపల్లె బస్సెక్కాను.