కన్నీళ్ళ తర్ఫీదు

రెడ్డిగూడెం మామిడితోటల్లో సినిమా తీస్తున్నారని తిరువూరులో అందరికీ తెలిసిన రోజే ప్రేమకుమారి ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాడు అభిలాష్, ఆ సినిమాకి అసిస్టెంట్ డైరెక్టరు. వెంట చర్చి ఉపదేశి జోజప్ప ఉన్నాడు. ఏటా పవిత్ర శుక్రవారం నాడు శిలువ కింద మరియమ్మగా నిలబడి జనాన్ని ఏడిపించిన మనిషి ఈమేనని ఆయనే చెప్పి తీసుకొచ్చాడు. కొడుకు డానీ ఎ.కొండూరు రోడ్డు మీద మోటారు సైకిలు ప్రమాదంలో పోయాక ఆమె ఆ వేషం మానేసిందని కూడా దారిలోనే చెప్పేశాడు.

"మా డైరెక్టరు గారికి నటన నేర్చుకున్నవాళ్ళు వద్దంటండి. కొడుకు శవాన్ని చూసే తల్లి. ఒక్క సీనే," అన్నాడు అభిలాష్.

ప్రేమకుమారి భర్త వైపు చూసింది. "నీ ఇష్టం," అన్నాడు శౌరయ్య. కొడుకు పోయినప్పటినుంచీ ఆ ఇంట్లో ప్రతిదానికీ అదే మాట. వద్దనడానికి కూడా కాస్త ఓపిక కావాలి. అది లేక ఆమె సరేనంది.

తోటలో నులకమంచం వేసి, ఒక కుర్రాణ్ణి పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. ఆమె నడిచి వెళ్ళి గుడ్డ అంచు ఎత్తింది. గొంతులోంచి ఏదో అరుపు వచ్చింది. అది తనదేనని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కదల్లేదు.

"సార్, ఫోకస్ పోయింది," అన్నాడు కెమెరామన్, నేల చూపులు చూస్తూ.

"మళ్ళీ చేద్దామమ్మా. అచ్చం ఇందాకటిలాగే," అన్నాడు డైరెక్టరు.

ఇందాక తానేం చేసిందో ఆమెకు తెలియదు. ఈసారి గుడ్డ ఉత్త గుడ్డలాగే ఉంది. దాని కింద కుర్రాడి పొట్ట ఊపిరికి లేచి పడుతోంది. ఆమె ఊరికే నిలబడింది. మళ్ళీ తీశారు, మళ్ళీ ఆపారు.

"మీ అబ్బాయిని గుర్తు తెచ్చుకోండమ్మా," అన్నాడు డైరెక్టరు.

చెప్పినట్టే తెచ్చుకుంది. డానీ వచ్చాడు, గళ్ళ చొక్కాతో, తల దువ్వుకుంటూ. ఏడుపు మాత్రం రాలేదు. డైరెక్టరు విసుగ్గా అభిలాష్ వైపు తిరిగాడు. "ట్రైనింగ్ ఉన్నవాళ్ళని తీసుకోవాల్సింది," అన్నాడు, వద్దన్నది తాను కానట్టు.

సినిమాలో కూతురి వేషం వేస్తున్న ఆరాధన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. ఆ పిల్ల హైదరాబాదులో నటన నేర్చుకుంది.

"మీ బాబుని తలుచుకోకండి ఆంటీ. తనని ఇక్కడికి తేవద్దు. ఇలాంటివి రోజూ చేయాలంటే మనసు తట్టుకోదు."

"మరి మీరెట్టా ఏడుస్తారమ్మా?"

"మడమలు నేలకి గట్టిగా నొక్కండి. ఊపిరి సగం వదిలి ఆపండి. ఆ మంచం కోడునే రెప్పెయ్యకుండా చూడండి. గొంతు దానంతటదే పట్టేస్తుంది."

ప్రేమకుమారి అలాగే చేసింది. కాసేపటికి గొంతు బిగిసింది, కళ్ళు నిండాయి, నీళ్ళు గడ్డం దాకా కారాయి. డైరెక్టరు బాగుందన్నాడు. కూతురిగా పక్కనే ఏడ్చిన ఆరాధన తన కళ్ళు తుడుచుకుని టీ అడిగింది. ప్రేమకుమారి కూడా చెంప తుడుచుకుని తడి చేతిని చూసుకుంది. గుండెలో ఎక్కడా ఏమీ కదల్లేదు. వేరెవరి మొహమో తుడిచినట్టుంది.

సాయంత్రం ఇంటికొచ్చి ఎసరు పెట్టింది. శౌరయ్య వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"ఏడ్చావా?"

"ఏడ్చాను."

"నిజంగానే?"

"ఏమో. అదెట్టాగో నేర్పారు." ఆ పిల్ల చెప్పిందంతా చెప్పింది. మడమలు, ఊపిరి, రెప్పెయ్యకుండా చూడటం.

శౌరయ్య చిన్నగా నవ్వాడు. "దానిక్కూడా చదువులున్నాయన్నమాట," అంటూ మడమలు నేలకి నొక్కి, ఊపిరి ఆపి, ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చున్నాడు. సమాధి దగ్గర కూడా అతను ఏడవలేదు. జనం మధ్య మట్టి వేసి, చేతులు దులుపుకుని వచ్చేసిన మనిషి.

ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఊపిరి తెగింది. "ఒరేయ్ డానీగా," అన్నాడు ఒక్కసారి. తువ్వాలు నోట్లో కుక్కుకుని గడప మీదే ముందుకు వంగిపోయాడు.

ప్రేమకుమారి వెళ్ళి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఆ చేతి కింద అతను అదురుతున్నాడు. తనకీ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. లోపల అన్నం పొంగి స్టవ్ మీద పడుతున్న చప్పుడయింది. లేచి వెళ్ళి మంట తగ్గించి, మళ్ళీ వచ్చి అతని పక్కనే కూర్చుంది.