లిస్టమ్మ ఎనిమిదో ప్రశ్న

మా వదినను ఆస్పత్రిలో అందరూ లిస్టమ్మ అంటారు. పెద్ద డాక్టరు నుంచి స్ట్రెచర్లు తోసేవాళ్ల దాకా అదే పిలుపు. గుండె ఆపరేషన్ల విభాగంలో ఆమె గుమాస్తా. ఎవరికి ఎప్పుడు ఆపరేషనో చెప్పే వెయిటింగ్ లిస్టు ఆమె బల్ల మీదే ఉంటుంది. కిటికీ లేని గది, తలుపు సరిగా పడని బీరువా, తీగ మెలికలు పడిన ఫోను. నీకు మా అన్నయ్యకన్నా ఆ ఫోనే ఎక్కువ వదినా అని నేనంటే, "పెట్టేస్తే అది ఊరుకుంటుందయ్యా, మీ అన్నయ్య ఊరుకోడు" అంటుంది.

ఆమె ఆ కుర్చీలో చేరిన రోజున లిస్టులో మూడువందల నలభై మంది ఉన్నారు. పేరు రాయించుకున్నాక ఏడాదిన్నర ఆగాలి. డాక్టర్లు చాలరు, మంచాలు చాలవు అనేవారు అందరూ. అదీ నిజమే. వదిన మాత్రం ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి అందరికీ ఫోను చేసింది. రెండు నెలలు పట్టింది. కొందరు వేరేచోట ఆపరేషన్ చేయించేసుకున్నారు, కొందరు ఊరే మారిపోయారు. తొమ్మిది ఇళ్లలో మాత్రం ఫోను ఎత్తినవాళ్లు, ఆ మనిషి ఇంక లేరమ్మా అన్నారు. ఆ తొమ్మిది పేర్లూ స్కేలు పెట్టి కొట్టేసిందట, గీత వంకర పోకూడదని.

ఆ తరవాత ఇంకో సంగతి బయటపడింది. వారానికి రెండు మూడు ఆపరేషన్లు తీరా ఆ పొద్దున ఆగిపోతున్నాయి. ఒకరికి పుచ్చిపన్ను (ఆ చీము గుండెకు పాకుతుందట), ఒకరికి జ్వరం, ఇంకొకరు ఆపమన్న మాత్ర ఆపలేదు. డాక్టర్లంతా చేతులు కడుక్కుని ఊరికే కూర్చోవడం. దాంతో వదిన వారం ముందే రోగులకు ఫోను చేసి ఏడు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. పైగా, దగ్గర్లో ఉండేవాళ్లలోంచి లిస్టు వరసలోనే రోజుకు ఇద్దరిని పరగడుపున వచ్చి వరండాలో కూర్చోమనేది. ఎవరిదైనా ఆగిపోతే ఆ చోటు వీళ్లకు.

ఇంతలో మా అన్నయ్యకే ఆయాసం మొదలైంది. బస్సు డ్రైవరు. సీటు మీదికి ఎక్కడానికే రెండుసార్లు ఆగుతున్నాడు. గుండెలో ఒక వాల్వు మార్చాలన్నారు. వదిన తన చేత్తోనే లిస్టు చిట్టచివర ఆయన పేరు రాసింది.

మా అమ్మ ఊరుకుంటుందా? "కలం నీ చేతిలోనే ఉందిగా. మొగుడి పేరు పైన రాస్తే చెయ్యి పడిపోతుందా?"

"పైన ఉన్నావిడ పేరు ఎక్కడ రాయమంటారు అత్తయ్యగారూ?" అంది వదిన.

అమ్మ రెండు రోజులు తన కాఫీ తానే పెట్టుకుంది.

ఏడెనిమిది నెలలకు అన్నయ్యకు వరండా వంతు వచ్చింది. మూడుసార్లు కడుపు మాడ్చుకుని వెళ్లాడు, మూడుసార్లూ ఉత్తి చేతులతో తిరిగొచ్చాడు. అప్పటికి కాళ్లకు నీరు పట్టింది. మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గాని పడుకోలేడు. ఇంక ఎక్కువ రోజులు ఆగకూడదని డాక్టరు గట్టిగానే చెప్పాడు. నాలుగోసారి తోడుగా నేను వెళ్లాను.

"కడుపులో ఎలుకలు పరిగెత్తి పరిగెత్తి పడుకున్నాయిరా," అన్నాడు అన్నయ్య. పక్క బెంచీ మీద, వరండా వంతుకే వచ్చిన ఒక టైలరమ్మ, ఒళ్లో సంచీ పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది.

తొమ్మిదిన్నరకు వదిన ఫైలు పట్టుకుని వచ్చింది. "రెండో పేషెంటుకు జ్వరం తగిలింది. మీ వంతే. లేవండి." అన్నయ్య లేవలేదు. వదిన అందరినీ అడిగినట్టే అడిగింది. "పొద్దుట్నుంచి ఏమైనా తిన్నారా?"

"ఒక బిస్కట్టు."

"ఒకటేనా?"

"ప్యాకెట్టు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

కడుపులో తిండి ఉండగా మత్తు ఇస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆరు గంటలు ఆగాలి. అప్పటికి థియేటర్ మూసేస్తారు. వదిన టైలరమ్మ వైపు తిరిగింది. "మీరేమైనా తిన్నారా అమ్మా?"

"మంచినీళ్లు కూడా ముట్టలేదు తల్లీ."

"అయితే రండి."

రెండడుగులు వేసి వెనక్కి చూసింది. "ఇంటికెళ్లి అన్నం తినండి," అంది అన్నయ్యతో. ఫైలు తాడు ముడి వేయడం మరిచి నడవబోయింది. టైలరమ్మే సంచీ కింద పెట్టి ముడి వేసింది.

ఆ తరవాతి అయిదు వారాలూ మా ఇంట్లో బిస్కట్ అన్న మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి అన్నయ్య సొంత నంబరే వచ్చింది. వారం ముందు నేను అన్నయ్య పక్కనుండగానే ఫోను మోగింది. అన్నయ్య ఫోనులో మాట్లాడితే వీధి చివర దాకా వినపడుతుంది, అవతలివాళ్ల మాటతో సహా.

"నమస్కారం సార్. గుండె ఆపరేషన్ల విభాగం నుంచి."

"నేనేనే."

"పేరు చెప్పండి సార్."

అన్నయ్య చెప్పాడు. పళ్ల సంగతి అడిగితే, "పొద్దున నువ్వే టార్చి వేసి చూశావుగా," అన్నాడు.

"చూసినా అడగాలి సార్."

ఏడూ అయ్యాయి. అన్నయ్య పెట్టేయబోయాడు.

"ఇంకోటుంది సార్. ఎనిమిదోది. మీతో తోడు వచ్చే మనిషి జాలిపడే రకమా?"

అన్నయ్య నా వైపు చూశాడు. ఆ రోజు బిస్కట్లు కొనుక్కొచ్చింది నేనే. "ఇవాళ కూడా ఇంటికేగా, తిను" అన్నదీ నేనే. అన్నయ్య అయిదు వారాలు నా పేరు బయటపెట్టలేదు. పెట్టక్కర్లేదు కూడా. ఖాళీ బిస్కట్ ప్యాకెట్టు నా చొక్కా జేబులోంచి తొంగిచూడటం వదిన ఆ పొద్దునే చూసిందట.

"జాలిపడే రకమే," అన్నాడు అన్నయ్య.

"అయితే వేరేవాళ్లను తీసుకురండి సార్."

అమ్మ వెళ్లింది. ఆవిడ కళ్ల ముందు మంచినీళ్లు అడగడానికే అన్నయ్యకు ధైర్యం చాలలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు మూడంతస్తులు ఆగకుండా ఎక్కేస్తున్నాడు. లిస్టు నూరుకు దిగింది. ఎనిమిదో ప్రశ్న ఇంకా వదిన ప్రశ్నల కాగితంలో ఉంది. అది వినగానే రోగులు నవ్వుతారట. వదిన నవ్వకుండా జవాబు రాసుకుంటుంది.