వాడుకలో ఉన్న లైను

ఆయన ముప్పై ఏళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ పొద్దున్నే చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని వీధిలోకి వెళ్తారు. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, మెడ ఎత్తి తీగలు చూసి వస్తారు. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికి, దొరికాక అందరికంటే ముందు తనే నవ్వుతారు. అల్జీమర్స్ అని తేలిన రోజు డాక్టరమ్మ నెమ్మదిగా వివరించింది. మెదడులో కణానికీ కణానికీ మధ్య సైనాప్స్ అనే సన్నటి సందు ఉంటుందట, కబురు దాన్ని దాటితేనే మనకేదైనా గుర్తొస్తుందట, ఈ జబ్బు ముందుగా దెబ్బతీసేది వాటినేనట. "అంటే తీగలున్నాయి, జాయింట్లు పోతున్నాయి," అన్నారాయన, పాత కంప్లయింటేదో విన్నట్టు తలూపుతూ.

మొన్న పరీక్షలో డాక్టరమ్మ ఆయన భార్యను చూపించి, "ఈవిడ పేరేంటండీ?" అని అడిగింది. ఆయన పైకప్పు చూశారు, జేబులో స్క్రూడ్రైవర్ తడుముకున్నారు. పేరు రాలేదు. మొహం చిన్నబోయింది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాయబోతుంటే భార్య ఆపింది. "దానికి మార్కులు తీసేయకండమ్మా. నలభై ఏళ్లలో నన్ను పేరు పెట్టి పిలిస్తేగా! ఆ లైను ఈయన అసలు వెయ్యనే లేదు." ముందు డాక్టరమ్మ నవ్వింది, తర్వాత ఆయనా నవ్వారు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, "ఏమేవ్, నా కళ్ల..." అన్నారు. మాట పూర్తికాకముందే వంటింట్లోంచి జవాబొచ్చింది: "నెత్తిమీదే!"