కోట దాటి పాలెం దాకా: గడప ముందు నీళ్ళ చెంబు

నేను షికార్లకు తిరిగే మనిషిని కాను. మా మహిళా సంఘం పంపితే వెళ్ళాను. సంఘంలో గుమాస్తాను, పేరు మార్తమ్మ. ఆ పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తుండదు. మా ఆయన జ్వరంతో పోయినప్పటి నుంచీ ఏ సభలోనైనా నన్ను "మన వితంతు సోదరి" అనే పిలుస్తారు. ఆ మాట పుణ్యమా అని ఉద్యోగం వచ్చింది, ఒక కుట్టుమిషనూ వచ్చింది, కాదనను. కానీ వేదిక మీద ఎవరైనా "యావత్ స్త్రీజాతి" అన్నప్పుడల్లా, ఎవరి గురించి చెబుతున్నారా అని వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. ఈసారి ఇంకో మిషను ఇవ్వడానికి సముద్రపు ఒడ్డు నుంచి ఒక వితంతువు కావలసి వచ్చింది. అధ్యక్షురాలు శారదాంబ గారూ నేనూ బయలుదేరాం.

నెల్లూరులో ఆరు గంటల బస్సు ఎక్కితే తొమ్మిదికల్లా కోట అనే ఊళ్ళో దిగుతారు, చార్జీ రూపాయిన్నర లోపే. అక్కడే ఇడ్లీ తినేయండి, తర్వాత ఏమీ దొరకదు. కోట నుంచి కాలువ రేవు దాకా ఒంటెద్దు బండి. దారి పొడుగునా శారదాంబ గారు మూఢాచారాల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. ఎద్దు కూడా వింటున్నట్టే నడిచింది. రేవులో పడవ మనిషి గడ పట్టుకుని నిలబడి, యాడికమ్మా అని అడిగాడు. జాలర్ల పాలేనికన్నాం.

"ఆడ మూడిళ్ళ తలుపులు తెరిచే ఉంటాయి. ఆ ఇళ్ళ ముందర మటుకు నిలబడబాకండమ్మా."

"ఏం, ఎందుకని?" అన్నారు శారదాంబ గారు.

"ఊరికే చెప్తా ఉండా," అని గడ వేసి పడవ నెట్టాడు.

కాలువ దాటాక మైలున్నర ఇసకలో నడక, అటూ ఇటూ సరుగుడు తోపులు. తోపుల్లో ఉన్నంతసేపూ గాలి హోరు చెవులు బద్దలు కొట్టింది. బయటికి రాగానే ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. పదకొండు దాటింది. పాలెంలో కుక్క మొరగలేదు, పిల్లల అల్లరి వినబడలేదు. ఆడవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటూ తలెత్తి చూశారు, అంతే. పోయిన గాలివానకు ఒక తెప్ప, దాని మీద ముగ్గురు మగవాళ్ళు తిరిగి రాలేదని మాకు ముందే తెలుసు.

నా అరికాళ్ళు మండిపోతున్నాయి. ఎదురుగా ఒక గడప ముందు నిండు చెంబు, దాని మీద ఆకు కనిపించాయి. వచ్చినవాళ్ళ కోసం పెట్టారనుకుని, ఆకు తీసి ఒక కాలు కడుక్కున్నాను.

"అక్కా, వొద్దు!"

లోపలి నుంచి ఒకామె పరుగున వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు. ఆమే పోలమ్మ. తిరిగి రాని ముగ్గురిలో ఒకడి భార్య, మేము వెతుక్కుంటూ వచ్చింది ఆమె కోసమే. నాకు తల కొట్టేసినట్టయింది.

"తెలీక చేసినావులే. మా ఇంటాయన కాళ్ళు కడుక్కునే నీళ్ళక్కా అయి. ఉప్పుకాళ్ళతో లోపలికి రాకూడదు గదా."

మిగిలిన నీళ్ళు పారబోసి ఇసకలో తవ్విన చెలమ దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట నడిచాను. అక్కడ దోసిలి పట్టి తాగాను, కొబ్బరినీళ్ళలా తియ్యగా ఉన్నాయి. పోలమ్మ చెంబు నింపి గడప ముందు పెట్టి, ఆకు కప్పి మా వెంట వచ్చింది.

పందిరి కింద పాలెమంతా చేరింది. నేను దరఖాస్తు తీసి పేరు రాసి, పక్క గడిలో "వితంతువు" అని రాశాను.

"ఏం రాసినావక్కా?"

అబద్ధం చెప్పలేకపోయాను, చదివి వినిపించాను.

"కొట్టెయ్యి."

"కొట్టేస్తే మిషను రాదు పోలమ్మా."

"మిషను నాకు కావాలక్కా, శానా కావాల. రైకలు కుట్టేది నేర్చుకొనుండా, ఇద్దరు బిడ్డలుండారు. కానీ ఆ మాట గడప దాటి లోపలికొస్తే ఆయన రాడు."

శారదాంబ గారు చెడ్డమనిషి కారు. తాగి కొట్టే మొగుళ్ళ ఇళ్ళ తలుపులు తట్టి మరీ నిలదీసిన మనిషి. పోలమ్మ భుజం మీద చెయ్యి వేసి, "ఆ మాటంటే భయపడేలా చేసింది లోకమమ్మా. తలెత్తుకుని చెప్పుకోవాలి. మనం ఆడవాళ్ళమంతా ఒకటే" అన్నారు.

"మీ ఇంటాయన ఉండాడా అమ్మా?"

"ఉన్నారు."

"మరి మనం ఒకటెట్టా అవుతాం?"

శారదాంబ గారు ఆమె భుజం మీది చెయ్యి తీసేశారు. నేను ఆ మాట కొట్టేసి, "భర్త సముద్రం మీద ఉన్నాడు" అని రాశాను.

రెండింటికి బయలుదేరాం. పోలమ్మ ఇంటి ముందుకొచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. చెంబు సగానికి ఖాళీ. ఆకు పక్కన పెట్టి ఉంది. గడప రాయి తడిసి, ఆ తడి లోపలికి సాగింది.

"కుక్క తాగుంటుంది," అన్నారు శారదాంబ గారు. ఆ పాలెంలో నాకు ఒక్క కుక్క కూడా కనిపించలేదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. నా వేలి చెమటో, గాలిలోని ఉప్పో, ఏమో. పోలమ్మ మాత్రం చెంబులోకి తొంగిచూసి, "ఎసరు పెట్టాలక్కా, కూటికి పొద్దుబోయింది" అని లోపలికి వెళ్ళింది.

దరఖాస్తు తిరిగొచ్చింది. నేను రాసింది ఏ కోవలోకీ రాదట. మరుసటి నెల నా మిషనుకు గోనెసంచి చుట్టి, బస్సు టాపు మీద ఎక్కించుకుని ఒక్కదాన్నే వెళ్ళి ఇచ్చి వచ్చాను. శారదాంబ గారు పది రోజులు నాతో మాట్లాడలేదు. పదకొండో రోజున, "పడవలో ఎలా ఎక్కించావే దాన్ని?" అని అడిగారు. నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తెలియదు, పోలమ్మ ఎదురుచూపుకు నేనూ ఊతమిచ్చానేమో. మా ఆయన్ని నా కళ్ళముందే మట్టిలో పెట్టారు, కాబట్టి వితంతువన్న మాట నాకు సరిపోతుంది. పోలమ్మకు ఏ మాట సరిపోతుందో ఆమెకే తెలుసు.

మీరూ అటు వెళ్తే మంచినీళ్ళు కోటలోనే మరచెంబులో నింపుకోండి. పాలెంలో ఏ గడప ముందైనా ఆకు కప్పిన చెంబు కనబడితే పక్కనుంచి వెళ్ళిపోండి. ఆ నీళ్ళకు మనిషి ఉన్నాడు.